మిరుగం, కొరమీను, దమ్ము

సూర్యుడు రోహిణి దాటి మృగశిర నక్షత్రంలోకి వచ్చేది జూన్ 7న గానీ 8న గానీ. పంచాంగంలో అది మృగశిర కార్తె, మా నోట్లో మిరుగం. ఊళ్లలో ఆ రోజుకు నాగళ్లు సిద్ధం చేసుకుని, విత్తనాలు దగ్గర పెట్టుకుని మొగులు వైపు చూస్తారు. నేను పాతబస్తీలో, అలియాబాద్ గల్లీలో పెరిగినదాన్ని. మా ఇంట్లో నాగలీ లేదు, మాకు చెలకా లేదు. మిరుగం అంటే మాకు పరగడుపున నాయనమ్మ చేతి ఇంగువ బెల్లం ఉండ, మధ్యాహ్నం చేపల పులుసు, రాత్రంతా దూద్‌బౌలి వైపు కదిలే జనం. ఆ ఉండను నమలకుండా మింగేస్తామని నాయనమ్మ అనుమానం. ఎదురుగా కూర్చుని దవడ కదులుతుందో లేదో చూసేది. "ఇయ్యాల తింటే వానకాలమంతా సర్ది దగ్గరికి రాదు" అనేది.

తెలంగాణలో చేప తినే ఇళ్లన్నీ ఆ రోజు చేప వండుతాయి. ముషీరాబాద్, రాంనగర్, బేగంబజార్ చేపల మార్కెట్లలో తెల్లవారకముందే కాలు పెట్టడానికి సందుండదు. రోహిణి ఎండలకు కాగిన ఒళ్లు ఒక్కసారిగా చల్లబడుతుంది కాబట్టి వేడి చేసే తిండి తినాలన్నది పెద్దల లెక్క. ఇంగువ వేడి, బెల్లం వేడి, చేప వేడి. వైద్యం చదివాక ఈ వేడి, చలువల లెక్క నాకు ఎక్కడా పొసగలేదు. అయితే ఆ లెక్కలో ఒక తేదీ ఉంది. పిల్లల డాక్టరుగా కాచిగూడలో నేను గడిపిన ఏళ్లన్నీ ఆ తేదీ చుట్టూనే తిరిగాయి. ఏటా ఆ తేదీ దాటాక మా క్లినిక్ వరండాలో దగ్గు వినపడే తీరే మారిపోతుంది.

ముందు చేప సంగతి చెప్పాలి. దూద్‌బౌలిలో బత్తిని వారి ఇల్లు ఉంది. ఆ కుటుంబం చెప్పుకునే కథ ప్రకారం 1845లో వాళ్ల పూర్వికుడు వీరన్న గౌడ్ వానలో తడిసి వచ్చిన ఒక సాధువుకు ఆశ్రయమిచ్చాడు. సాధువు సంతోషించి దమ్ముకు, అంటే ఉబ్బసానికి, మందు తయారీ చెప్పి, ఇంట్లోని బావి నీళ్లతో దాన్ని కలపమన్నాడు, ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోవద్దన్నాడు. పుచ్చుకుంటే మందు పనిచేయదట. అప్పటి నుంచి తరం తర్వాత తరం మృగశిర ప్రవేశించే ఘడియ చూసుకుని పంచుతూ వస్తున్నారు. రెండు మూడు అంగుళాల కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి ముద్ద పెట్టి, అది బతికుండగానే రోగి గొంతులోకి జారవిడుస్తారు. చేప ముట్టనివాళ్లకు బెల్లంలో పెట్టి ఇస్తారు. వరసగా మూడేళ్లు తినాలి, తిన్నాక 45 రోజులు పథ్యం ఉండాలి. ముద్దలో ఏముందో కుటుంబం బయట పెట్టలేదు.

మొదట్లో ఇంటి ముందు గల్లీలోనే పంచేవారు. జనం లక్షల్లోకి పెరిగేసరికి ఆ గల్లీలు చాల్లేదు. తర్వాత మైదానాలకు మారి, చివరికి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో స్థిరపడింది. చేప పిల్లలను మత్స్యశాఖ కౌంటర్లు పెట్టి అమ్ముతుంది, పోలీసులు బారికేడ్లు కడతారు, ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ఉత్తరాది నుంచి రైళ్లెక్కి వచ్చి ముందురోజే మైదానంలో దుప్పట్లు పరుచుకునేవాళ్లుంటారు. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఏళ్ల తరబడి దీన్ని ప్రశ్నించారు, కేసులు కోర్టుల దాకా వెళ్లాయి. జనం మాత్రం తగ్గలేదు.

కొరమీనునే ఎందుకు ఎంచుకున్నారని నేను చాలాసార్లు ఆలోచించాను. చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే మిగతా చేపలు తేలిపోతాయి. కొరమీను మాత్రం పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. మొప్పల పైన దానికి అందుకోసమే ఒక అర ఉంది. తడిగా ఉంచితే నీళ్లు లేకుండానే గంటల తరబడి బతుకుతుంది, అందుకే మన మార్కెట్లలో దాన్ని ప్రాణంతో అమ్ముతారు. ఊపిరాడనివాడికి, నీళ్ల బయట కూడా ఊపిరి తీసే చేపను ఇవ్వాలన్న ఊహ ఎవరిదో గానీ, మంచి ఊహే. కథలో ఆ మాట ఎవరూ చెప్పరు, ఇది నా సొంత పైత్యం.

1845లో హైదరాబాదును నాలుగో నిజాం నాసిరుద్దౌలా ఏలుతున్నాడు. అప్పుడు లండన్‌లో దమ్ము రోగికి అక్కడి డాక్టరు ఏమిచ్చేవాడో చూస్తే మన సాధువు మీద కాస్త గౌరవం కలుగుతుంది. నల్లమందు, వాంతి చేయించే మందులు, ఉమ్మెత్త పొగ. ఆ ఉమ్మెత్త పొగ కూడా మన తీరం నుంచే వెళ్లింది. 1802 ప్రాంతంలో మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్ దమ్ముకు ఇక్కడివాళ్లు ఉమ్మెత్తను పొగ తాగడం చూసి జనరల్ జెంట్ అనే సైనికాధికారికి చెప్పాడు, ఆయన దాన్ని బ్రిటన్‌కు మోసుకెళ్లాడు. అక్కడ నూరేళ్లకు పైగా ఉమ్మెత్త చుట్టలు, సిగరెట్లు మందుల షాపుల్లో అమ్ముడయ్యాయి. ఉమ్మెత్తకు వాయునాళాలను వదులు చేసే గుణం నిజంగానే ఉంది, మోతాదు మించితే మతి తప్పించే గుణం అంతకంటే ఎక్కువ ఉంది. 1860లో దమ్ము మీద పెద్ద పుస్తకం రాసిన హెన్రీ హైడ్ సాల్టర్ స్వయంగా దమ్ము మనిషి. ఆయన కడుపులో ఏమీ లేనప్పుడు చిక్కటి కాఫీ తాగమన్నాడు. కాఫీలోని కెఫీన్ ఊపిరిని కొద్దిగా తేలిక చేస్తుంది కూడా. మన ఇళ్లలో అడ్డసరం ఆకు కషాయం ఉండేది. ఇవాళ దగ్గు సిరప్పుల్లో కనిపించే బ్రోమ్‌హెక్సిన్‌ను ఆ ఆకులోని పదార్థాన్ని నమూనాగా పెట్టుకునే తయారు చేశారు. అప్పట్లో ఇన్ని మందుల్లో ఏదీ రోగం మూలానికి పోలేదు, ఎందుకంటే మూలం ఏమిటో ఎవరికీ తెలియదు.

మా నాయినకు దమ్ము ఉండేది. మొజంజాహీ మార్కెట్‌లో పండ్ల మండీ ఉన్న రోజుల్లో అక్కడ గుమాస్తా. ఏప్రిల్, మే నెలల్లో మామిడిపండ్లు వరిగడ్డిలో పేర్చి వచ్చేవి. ఆ గడ్డి బూజు పట్టి, ఎండి, దులిపితే పొగలా లేచేది. ఆ రెండు నెలలూ ఆయనకు తుమ్ములు, కళ్ల దురద, కారే ముక్కు. రుమాలు జేబులోంచి చేతికి, చేతి నుంచి ముక్కుకి. దమ్ము మాత్రం వచ్చేది కాదు. మామిడి కాలం అయిపోయి, మండీ కడిగి, గాలి చల్లబడి, మా బడులు తెరిచాక, జూన్ నెలాఖరులో ఒక రాత్రి లేచి కూర్చునేవాడు. గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద మోచేతులు పెట్టి, భుజాలు పైకి లాగుతూ. అమ్మ చిమ్నీ దీపం దగ్గర ఎఫెడ్రిన్ గోలీ వెతికేది. అదీ పనిచేయకపోతే తెల్లారాక డెరిఫిల్లిన్ సూది.

నాయనమ్మ "వానగాలి కొట్టింది" అనేది. గల్లీ చివరి డాక్టరుగారు "గడ్డి దుమ్ము, మండీ మానెయ్" అనేవాడు. దుమ్ము ఏప్రిల్‌లో ముక్కులోకి పోతే దమ్ము జూన్ దాకా ఎందుకు ఆగిందని ఆయనను ఎవరూ అడగలేదు. మేం నలుగురం పిల్లలం, ఇల్లు రెండు గదులు. బడి తెరిచిన వారానికి పెద్దన్నకు పడిశం, ఆ వెంటనే నాకు, తర్వాత చిన్నవాళ్లకు. మా ముక్కులు కారడం అంత మామూలు విషయం కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నాయిన మూడేళ్లూ చేప మింగాడు. నాలుగో ఏడు కూడా దమ్ము వచ్చింది. "తిన్నందుకే ఇంతమాత్రంగ ఉన్నది" అన్నాడు. ఆ వాదనకు జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఆ తరంలో దమ్ము రోగికి ఇంకో అవమానం కూడా ఉండేది. దగ్గితే చాలు అందరూ క్షయ అనుకునేవారు. అనంతగిరి కొండల మీద శానిటోరియం, ఎర్రగడ్డలో ఛాతీ దవాఖాన, అన్నీ ముందుగా క్షయ కోసమే. దమ్ము మనిషి అక్కడికి పోవడానికి భయపడేవాడు, చేప కోసం లైన్లో నిలబడటానికి భయపడేవాడు కాదు. లైన్లో ఉన్నవాళ్లందరిదీ ఒకటే జబ్బు. మైదానం నిండా తనలాంటివాళ్లే కనిపిస్తే మనిషికి ఎంత ధైర్యమో, చేపను వెక్కిరించేవాళ్లు ఒకసారి అక్కడ గంటసేపు నిలబడి చూడాలి.

ఇక పడిశం. వానలో తడిస్తే జలుబు చేస్తుందని ప్రపంచంలో ప్రతి అమ్మా చెబుతుంది. ఇంగ్లండులో సాల్స్‌బరీ దగ్గర 1946లో జలుబు మీద ఒక పరిశోధన కేంద్రం తెరిచారు. యుద్ధకాలంలో అమెరికన్లు కట్టిన ఆసుపత్రి గుడిసెల్లో వాలంటీర్లను పది రోజులు ఉచితంగా ఉంచుకుని, తిండి పెట్టి, చేతి ఖర్చులిచ్చి, ముక్కులో చుక్కలు వేసేవారు. కొందరు సెలవు గడపడానికే వచ్చేవారట. అక్కడ క్రిస్టఫర్ ఆండ్రూస్ కొందరిని స్నానం చేయించి, తడి బట్టలతోనే చలిగాలి వీచే వసారాలో వణుకుతూ నిలబెట్టాడు. వైరస్ లేకుండా వట్టి చలికి వాళ్లకు జలుబు రాలేదు. అమ్మలు ఓడిపోయారు. 2005లో కార్డిఫ్‌లో 180 మందిని తీసుకుని సగం మంది కాళ్లను 20 నిమిషాలు చల్లటి నీళ్లలో ఉంచితే, తర్వాతి రోజుల్లో వాళ్లలోనే జలుబు లక్షణాలు ఎక్కువమందిలో కనిపించాయి. ముక్కులో ముందే దాగి ఉన్న వైరస్‌కు చలి దారి ఇచ్చి ఉండవచ్చని వాళ్ల ఊహ. అమ్మలు కొంత గెలిచారు. నాయనమ్మ బతికి ఉంటే ఈ రెండో సంగతి ముందు చెప్పేదాన్ని.

సాల్స్‌బరీలోనే 1960లో డేవిడ్ టిరెల్ జలుబు వైరస్‌లను పరీక్షనాళికల్లో పెంచే కిటుకు పట్టుకున్నాడు. శరీరపు వేడి 37 డిగ్రీలు కాకుండా, ముక్కులో ఉండే 33 డిగ్రీల దగ్గర ఉంచాడు. రైనోవైరస్‌లు చక్కగా పెరిగాయి. కానీ ఆ విజయం ఒక అపోహను కూడా వెంటబెట్టుకొచ్చింది. చల్లటి ముక్కులోనే పెరిగే వైరస్ వెచ్చటి ఊపిరితిత్తుల్లోకి దిగదు, కాబట్టి జలుబుకూ దమ్ముకూ సంబంధం ఉండదు అని చాలామంది వైద్యులు తీర్మానించుకున్నారు. నేను చదివిన పాఠ్యపుస్తకాల్లో జలుబు ఒక అధ్యాయం, దమ్ము ఇంకో అధ్యాయం. దమ్ము అధ్యాయంలో అలర్జీని నడిపే ఐజీఈ అనే యాంటీబాడీ ఉండేది. దాన్ని 1966లో డెన్వర్‌లో ఇషిజాకా దంపతులు గుర్తించారు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ అదే సమయంలో వేరే దారిలో దాన్నే చేరుకున్నారు. దుమ్ము పురుగు కూడా అందులో ఉండేది. పరుపుల్లో, బొంతల్లో మన చర్మపు పొట్టు తిని బతికే ఆ కంటికి కనపడని జీవిని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్ 1964లో నిందితుడిగా నిలబెట్టాడు. తేమ ఉంటే అది బాగా పెరుగుతుంది, అంటే మన వానకాలం దాని పండగ. పుప్పొడి సరేసరి. 1956లో పుణేలో కొత్త కలుపుమొక్కగా ఆర్. ఎస్. రావు నమోదు చేసిన వయ్యారిభామ ఇప్పుడు హైదరాబాదులో ఖాళీ ప్లాటు దొరికితే చాలు తొలకరికి మొలిచి నెలలో పూస్తుంది.

మరి ఇవన్నీ చాలవా దమ్ము రావడానికి? నా మొదటి ఏళ్లలో చాలనే అనిపించేది, పుస్తకమూ అదే చెప్పేది. 1995లో సౌతాంప్టన్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. 9 నుంచి 11 ఏళ్ల పిల్లలు 108 మందిని 13 నెలలు వెంబడించి, దమ్ము వచ్చినప్పుడల్లా ముక్కు ద్రవం తీసి అప్పటికి కొత్తదైన పీసీఆర్ పద్ధతిలో వెతికారు. దమ్ము పెరిగిన సందర్భాల్లో 80 నుంచి 85 శాతం దాకా వైరస్ దొరికింది. ఎక్కువ భాగం రైనోవైరస్, అంటే వట్టి జలుబు. అంతకుముందు పెంపకంలో దొరకని వైరస్‌లు పీసీఆర్‌కు దొరికాయి, అంతే తేడా. తర్వాత ఆ వైరస్ కింది వాయునాళాల్లోకీ దిగుతుందని నిరూపించారు. మాంచెస్టర్‌లో ఇంకా ముఖ్యమైన సంగతి తేలింది. దమ్ముతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో అలర్జీ ఉండటం, ఆ అలర్జీ పదార్థం ఇంట్లో ఎక్కువగా ఉండటం, వైరస్ ఉండటం, ఈ మూడూ కలిసిన చోట ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువైంది.

ఆ మాంచెస్టర్ వ్యాసం చదివిన రోజు నాకు మండీ గడ్డి గుర్తొచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో నాయిన ఊపిరి గొట్టాలను గడ్డి బూజు వాచేలా చేసి ఉంచింది. జూన్‌లో బడి నుంచి మేం తెచ్చిన పడిశం వాటి మీద పడింది. డాక్టరుగారు చెప్పిందీ నిజమే, నాయనమ్మ చెప్పిందీ నిజమే. ఇద్దరూ వదిలేసింది మా నలుగురి ముక్కులను.

కెనడాలో హామిల్టన్‌లో నీల్ జాన్‌స్టన్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి దమ్ముతో ఆసుపత్రిలో చేరేవాళ్లను వారం వారం లెక్కవేస్తే, పిల్లల్లో ఏటా సెప్టెంబరులో ఒకే చోట శిఖరం కనిపించింది. వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచిన రెండున్నర వారాలకు. బడి పిల్లలు ముందు, వాళ్ల చిన్న తోబుట్టువులు, పెద్దవాళ్లు కొద్ది రోజుల వెనక. మనకు సెప్టెంబరు అక్కర్లేదు. మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, మిరుగం దాటిన నాలుగైదు రోజులకు. దానికి రెండున్నర వారాలు కలపండి. ఆరుద్ర కార్తె నడుస్తుంటుంది. మా క్లినిక్‌లో ఆవిరి మిషన్ రోజంతా ఆగకుండా తిరిగేది ఎప్పుడూ ఆ వారాల్లోనే. పేరు మిరుగానిది, దెబ్బ ఆరుద్రది. చేప పంచే తేదీ దమ్ము విజృంభించే తేదీ కాదన్నమాట. అంతకు కాస్త ముందు, గడప మీద. బడులు లేని 1845లో ఆ తేదీ ఎందుకు పెట్టారంటే, జనం ఎండకాలం చెట్ల కింద గడిపి వానతో ఇళ్లలో ఒకచోట ముడుచుకునే కాలం అదే కాబట్టి కావచ్చని నా ఊహ.

క్లినిక్‌లో తల్లులు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు దమ్ము కాదు. "మేడం, వీనికి సర్ది పోనే పోదు." జూన్‌లో మొదలై దీపావళి దాకా. ఇందులో చాలా భాగం ఒకే సర్ది కాదు. రైనోవైరస్‌లలో నూటయాభైకి పైగా రకాలున్నాయి, ఒకటి వస్తే దానికే రక్షణ, పక్కదానికి కాదు. ఒకటి పోయేలోపు బడి నుంచి ఇంకోటి వస్తుంది. అయితే కొందరిలో వైరస్ నిజంగానే ఆలస్యంగా పోతుంది. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో దమ్ముతో వచ్చిన పిల్లలను ఆరు వారాల తర్వాత మళ్లీ పరీక్షిస్తే కొందరి ముక్కుల్లో రైనోవైరస్ ఆనవాలు ఇంకా ఉంది, మొదట ఎక్కువ తీవ్రంగా జబ్బు పడింది కూడా వాళ్లే.

ఎందుకు పోదన్నదానికి జవాబు 2005 నుంచి కొంచెం కొంచెంగా తేలింది. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదిలి పక్క కణాలను హెచ్చరిస్తుంది. దమ్ము ఉన్నవాళ్ల వాయునాళాల పొర నుంచి తీసిన కణాలు ఆ ఇంటర్‌ఫెరాన్‌ను తక్కువగా, ఆలస్యంగా వదులుతున్నాయని సౌతాంప్టన్‌లో చూశారు. రక్తంలో ఇంటర్‌ఫెరాన్‌ను దండిగా చేసే ఒక రకం కణం మీద ఐజీఈ పట్టుకుని కూర్చుని ఉంటుంది. అలర్జీ పదార్థం వచ్చి ఆ ఐజీఈని కదిపితే ఆ కణం వైరస్ మీద పనిని తగ్గించేస్తుంది. అంటే అలర్జీ వైరస్‌కు కాపలా సడలిస్తుంది. వైరస్ తిరిగి ఆ ఉపకారం తీరుస్తుంది. అది చీల్చిన పొరలోంచి ఐఎల్-33 వంటి సంకేతాలు వెలువడి అలర్జీ కణాలను ఇంకా పిలుస్తాయి, దెబ్బతిన్న పొర గుండా దుమ్ము పురుగు ప్రోటీన్లు ఇంకా లోపలికి పోతాయి. ఏది ముందన్న ప్రశ్నకు అమెరికాలో మాడిసన్‌లో పుట్టినప్పటి నుంచి వెంబడించిన పిల్లలు కొంత జవాబిచ్చారు. మూడేళ్ల లోపు రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చిన పిల్లల్లో ఆరేళ్లకు దమ్ము చాలా ఎక్కువ. ఇంకా తరచి చూస్తే, అలర్జీ ముందు మొలిచిన పిల్లల్లోనే తర్వాత ఆ వైరస్‌తో పిల్లికూతలు వచ్చాయి.

వైరస్ అంటే చెడ్డదేనని ఇక్కడితో ఆగితే సగం చరిత్రే అవుతుంది. 1989లో లండన్‌లో డేవిడ్ స్ట్రాకన్ 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన 17 వేల పైచిలుకు బ్రిటిష్ పిల్లల వివరాలు తిరగేసి, ఇంట్లో పెద్ద తోబుట్టువులు ఎక్కువ ఉన్నకొద్దీ పుప్పొడి జలుబు తక్కువని గమనించాడు. చిన్నప్పుడు అన్నదమ్ముల నుంచి అంటుకున్న ఇన్ఫెక్షన్లు అలర్జీని ఆపి ఉండవచ్చన్నాడు. ఏ ఇన్ఫెక్షన్ అన్నది ఇప్పటికీ తగాదాయే. ఒకసారి సోకితే ఒంట్లో జీవితాంతం నిద్రపోతూ ఉండే ఎప్‌స్టీన్-బార్ వైరస్ మీద స్వీడన్‌లో చేసిన పరిశోధనలో, రెండేళ్ల లోపే అది సోకిన పిల్లల్లో అలర్జీ ఐజీఈ తక్కువగా కనిపించింది. రెండేళ్లు దాటాక సోకినవాళ్లలో ఆ మేలు కనపడలేదు. పాతబస్తీలో నలుగురు పిల్లలున్న ఇంట్లో కడగోటు చెల్లెలికి ఈ రోజుకీ దమ్ము లేదు, మొదటి సంతానం పెద్దన్నకు ఉంది. ఒక ఇంటి లెక్క శాస్త్రం కాదని నాకు తెలుసు. చెల్లెలు మాత్రం అది తన మంచితనం వల్లే అంటుంది.

చేప పనిచేస్తుందా అని అడగనివాళ్లు లేరు. పనిచేస్తుందని చూపించిన క్లినికల్ ట్రయల్ ఏదీ నేను చదవలేదు. మరి తగ్గినవాళ్ల మాటేమిటి? అరిజోనాలో టూసన్‌లో పుట్టుక నుంచి అనుసరించిన పిల్లల్లో, మూడేళ్ల లోపు పిల్లికూతలు వచ్చిన వాళ్లలో సగానికి పైగా ఆరేళ్లకు మామూలైపోయారు. ఏ మందూ కారణం కాదు. గొట్టాలు పెరిగి వెడల్పయ్యాయి. రెండేళ్ల పిల్లకు చేప పెట్టడం మొదలుపెట్టి మూడేళ్లు వరసగా పెడితే, ఐదేళ్లకు తగ్గిన దమ్ము చేప ఖాతాలో పడుతుంది. పెద్దవాళ్లలోనూ దమ్ము తనంతట తానే ఏడాదికొక రకంగా ఉంటుంది. నా అభ్యంతరం చేప మీద కాదు. చేప తిన్నామని ఇన్‌హేలర్ ఆపేసి, ఆరుద్రలో అర్ధరాత్రి నీలం పెదవులతో తీసుకొస్తారే, దాని మీద.

2020 నుంచి మూడేళ్లు కరోనా వల్ల చేప పంపిణీ జరగలేదు. లైన్లు లేవు, 45 రోజుల పథ్యం లేదు. అదే కాలంలో ఇంగ్లండు, అమెరికా వంటి చోట్ల దమ్ముతో ఆసుపత్రిలో చేరే పిల్లలు బాగా తగ్గారని లెక్కలు వచ్చాయి. మొదటి జూన్‌లో మా వరండా కూడా ఖాళీ. కరోనాకు భయపడి రానివాళ్లు కొందరు ఉండొచ్చు, కానీ ఫోన్లు కూడా రాలేదు. పిల్లలు రోజంతా ఇంట్లోనే, దుమ్ము పురుగులున్న అదే పరుపుల మీద. అలర్జీ పదార్థం ఏమీ తగ్గలేదు. మూతపడింది బడి ఒక్కటే. బడులు తెరిచాక రెండు మూడేళ్ల జలుబులు బాకీ తీర్చుకున్నట్టు ఒక్కసారిగా వచ్చాయి. 2023 జూన్‌లో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప మళ్లీ మొదలైంది, లైన్లు మళ్లీ మైదానం చుట్టూ తిరిగాయి. ఊపిరి సమస్య ఉన్న అంతమందిని ఒకరి మెడ మీద ఒకరు ఊపిరి విడిచేలా గంటల తరబడి నిలబెట్టడం జలుబు వైరస్‌కు ఎంత ఇష్టమో నేను చెప్పనక్కర్లేదు. వెళ్లేవాళ్లకు మాస్కు పెట్టుకోమంటాను. చేపకు మాస్కు తీస్తే చాలు.

తేదీ విషయంలో ఈ మధ్య నాకు ఇంకో ఆధారం దొరికింది. ఐజీఈని కట్టిపడేసే ఒమాలిజుమాబ్ అనే సూదిని అమెరికా నగరాల్లో పేద వాడల పిల్లలకు ఇచ్చినప్పుడు, సెప్టెంబరు శిఖరం దాదాపు చదునైపోయింది. ఆ ఫలితం 2011లో వచ్చింది. 2015లో వచ్చిన ఇంకో పరిశోధనలో సూదిని ఏడాదంతా ఇవ్వకుండా బడి తెరవడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు మొదలుపెట్టి చూశారు. ఆ మందు ఖరీదు మన పిల్లల్లో ఎక్కువమందికి అందేది కాదు. మామూలు స్టిరాయిడ్ ఇన్‌హేలర్ అందుతుంది, అది కూడా రోజూ పీలిస్తే గొట్టాల వాపును ముందుగానే అణచి ఉంచుతుంది. ఎండాకాలం పిల్లవాడు బాగానే ఉంటాడు కాబట్టి దాన్నే ముందు మానేస్తారు. అందుకే నేను ఏప్రిల్ చివర్లో పాత రిజిస్టరు తీసి, కిందటేడు జూన్, జూలైల్లో ఆవిరి పెట్టించుకున్న పిల్లల ఇళ్లకు ఫోన్ చేయిస్తాను. మా కాంపౌండరు ఈ పనిని "చేప ఫోన్లు" అంటాడు.

మొన్న అంబర్‌పేట నుంచి ఒక తల్లి, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లవాడు వరండాలో కుర్చీల కింద దూరి ఆడుతున్నాడు, దగ్గు లేదు, ముక్కు కారడం లేదు. ఇన్‌హేలర్ స్పేసర్‌తో ఎలా పీల్చాలో మళ్లీ చూపించి, ఇవాళ్టి నుంచే పొద్దున, రాత్రి మొదలుపెట్టమన్నాను. అత్త నా వైపు అనుమానంగా చూసింది.

"పిలగాడు మంచిగనే ఉన్నడు గదా డాక్టరమ్మా. మిరుగానికి ఇంక నెల పైననే ఉన్నది."

"అందుకే అత్తమ్మా, ఇప్పుడే" అన్నాను.

"మిరుగం నాడు చేప గూడ ఏపిస్తం మరి."

"ఏపించండి. ఇది మాత్రం ఆపకండి, దీపావళి దాకా."

ఆమె కోడలి చేతిలోంచి స్పేసర్ తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని కడగాలా వద్దా అని అడిగింది.